రేపు అనగానే 'విల్' వచ్చేస్తోంది

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ నుంచి వచ్చింది. రాసినావిడ పేరు వద్దన్నారు. వయసు ముప్పై ఆరు. ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరి జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీకాం. తొమ్మిదేళ్ళు ఒంగోలులో అకౌంట్స్ చూశారు. రెండేళ్ళ కిందట ఒక ఇంగ్లండ్ కంపెనీకి బిల్లులు చూసిపెట్టే ఆఫీసులో చేరారు. లెక్కల్లో ఆవిడకు వంక పెట్టినవాళ్ళు లేరు. చిక్కంతా మెయిళ్ళతోనే.

మొదటి దెబ్బ 'విల్' దగ్గర తగిలింది. 'వెన్ ఐ విల్ గెట్ ద ఫైల్, ఐ విల్ సెండ్ ద రిపోర్ట్' అని రాస్తే, మేనేజర్ మొదటి 'విల్'ని ఎర్ర రంగులో కొట్టేసి, క్లయింట్‌తో సహా అందరికీ వెళ్ళేలా తిప్పి పంపారు. 'వెన్' ఉన్నచోట 'విల్' రాయకూడదు కాబోలు అనుకుని ఆవిడ ఆ రోజునుంచీ మానేశారు. పది రోజులు తిరక్కుండా ఇంకోటి. బ్యాంక్ స్టేట్‌మెంట్ ఏ తేదీకి వస్తుందో అడుగుదామని 'ప్లీజ్ లెట్ మి నో వెన్ యు సెండ్ ద స్టేట్‌మెంట్' అని పంపారు. అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఎనిమిదో రోజున స్టేట్‌మెంట్ పంపి, 'పంపాను, తెలియజేస్తున్నాను' అని ఒక ముక్క రాశారట. ఈలోపు నెలాఖరు లెక్కలు ముగించాల్సిన గడువు దాటిపోయింది.

మూడోది 'అన్‌టిల్'. 'అన్‌టిల్ ద వెండర్ డస్ నాట్ కన్ఫర్మ్ ద బ్యాంక్ డీటెయిల్స్, డోంట్ రిలీజ్ ద పేమెంట్' అని రాస్తే, 'ఇంతకీ వాళ్ళు కన్ఫర్మ్ చేస్తే డబ్బు వదలాలా, ఆపాలా?' అని తిరుగు ప్రశ్న వచ్చింది. మళ్ళీ ఎర్ర రంగు, మళ్ళీ అందరికీ. పక్క సీటులోని ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి 'మీ మెయిళ్ళు నేను రాసిపెడతా లెండి అక్కా' అంది. అన్నిటికంటే అదే ఎక్కువ గుచ్చుకుందట.

ఆవిడ అడిగినవి ఇవి: ఈ 'వెన్', 'అన్‌టిల్' గోల నాకు ఎక్కేదెట్లా? చిన్న చిన్న వాక్యాలు రాసుకుని బతికెయ్యనా? ఆ అమ్మాయి చేత రాయించుకోనా? మేనేజర్‌తో మాట్లాడనా, ఊరుకోనా? చివర్లో ఇంగ్లీషులో రెండు వాక్యాలు జోడించారు: 'ప్లీజ్ లెట్ మి నో వెన్ యు విల్ రిప్లై. ఐ విల్ వెయిట్ అన్‌టిల్ యు విల్ రిప్లై.'

*

నాలుగు పేజీల మీ తెలుగు ఉత్తరంలో ఒక్క వాక్యం తడబడలేదండీ. 'మేనేజర్ సీట్లోంచి లేవకముందే నాకు తెలిసిపోయింది, ఆ మెయిల్ నాదేనని' అని రాశారు. ఒక పని జరగకముందే మరో పని జరగడం, ఆ రెంటినీ ఒక్క వాక్యంలో కట్టడం. ఇంగ్లీషులో మిమ్మల్ని ఏడిపిస్తున్నది కూడా ఇదే పని. కాబట్టి మీకు ఈ పని రాదని నేను ఒప్పుకోను.

పదో తరగతి తెలుగు పరీక్షలో రెండు వాక్యాలిచ్చి 'సంక్లిష్ట వాక్యంగా మార్చండి' అని అడిగేవారు, గుర్తుందా? 'రవి ఇంటికి వచ్చాడు. రవి అన్నం తిన్నాడు.' దాన్ని 'రవి ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు' అని రాస్తే మార్కులు వేసేవారు. 'వచ్చి' దగ్గర మాట పూర్తికాదు, అది అసమాపక క్రియ. 'తిన్నాడు'తో పూర్తవుతుంది, అది సమాపక క్రియ. అప్పట్లో బట్టీ పట్టి వదిలేశాం గానీ, మీ మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

'రేపు ఫైలు వచ్చాక రిపోర్టు పంపుతాను.' ఈ వాక్యంలో 'వచ్చాక' చూడండి. ఫైలు ఇంకా రాలేదు, వచ్చేది రేపే. అయినా మీరు 'వస్తాక' అనలేదు, ఏ తెలుగువాడూ అనడు. రేపు అనే సంగతిని మోసేది చివర ఉన్న 'పంపుతాను'. దానికి ముందున్న క్రియ ఏది ముందో ఏది వెనకో చెబుతుందంతే. ఇంగ్లీషులోనూ ఇంతే. 'ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ వెన్ ఐ గెట్ ద ఫైల్.' రేపటి బరువు 'విల్ సెండ్' మీద పడింది, 'గెట్' కాలాన్ని పట్టించుకోకుండా ఊరికే నిలబడింది. 'వెన్', 'ఆఫ్టర్', 'బిఫోర్', 'అన్‌టిల్', 'యాజ్ సూన్ యాజ్', 'వన్స్', 'బై ద టైమ్'... వీటిలో దేని తర్వాత వచ్చినా ఆ క్రియది ఇదే తీరు.

మరి ఆ 'విల్' ఎక్కడినుంచి వచ్చి పడింది? తప్పు తెలుగుది కాదు. 'యస్టర్‌డే అంటే పాస్ట్, టుమారో అంటే విల్' అని బెత్తం పట్టుకుని నేర్పిన పాఠానిది. రేపు అనగానే చెయ్యి దానంతటదే 'విల్' రాసేస్తుంది. హిందీవాళ్ళ సంగతి వేరు. 'జబ్ ఆవూఁగా తబ్ దూఁగా' (వచ్చినప్పుడు ఇస్తాను) అన్నప్పుడు వాళ్ళ రెండు క్రియలూ భవిష్యత్తులోనే ఉంటాయి, అందుకని వాళ్ళను ఇంటి భాషే పక్కకు లాగుతుంది. అసలు ఇంగ్లీషు కూడా పుట్టినప్పటినుంచీ ఇంత కచ్చితంగా లేదు. 1611 నాటి బైబిల్ అనువాదంలో 'వెన్ హి షల్ అపియర్' అని కనిపిస్తుంది. ఇప్పటి ఆఫీసు మెయిల్లో అది చెల్లదు, అంతే.

రెండో దెబ్బ దగ్గరికొద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది అదే. 'వెన్ ఉంటే విల్ కూడదు' అని మీరు పెట్టుకున్న నియమం సగమే నిజం. ఇంగ్లీషువాడు రెండు వేర్వేరు పనులకు ఒకే 'వెన్'ని వాడుకుంటాడు, మనకు ఆ రెంటికీ వేరు మాటలున్నాయి. 'ఎప్పుడు పంపుతారో చెప్పండి' ఒకటి, 'పంపినప్పుడు చెప్పండి' ఇంకొకటి. మొదటిది తేదీ అడగడం. రెండోది, పని అయ్యాక కబురు పెట్టమనడం. మీరు తెలుగులో మొదటిది అనుకుని ఇంగ్లీషులో రెండోది రాశారు. అవతలివాడు మీరు రాసింది రాసినట్టే చేశాడు, పాపం! పంపినప్పుడు చెప్పాడు.

కాబట్టి 'వెన్' రాయబోయే ముందు మనసులో తెలుగు వాక్యం ఒకసారి అనుకోండి. అందులో 'ఎప్పుడు' వచ్చి, క్రియ చివర 'ఓ' తగిలితే (పంపుతారో, వస్తారో, అవుతుందో) 'విల్' ఉంచండి: 'లెట్ మి నో వెన్ యు విల్ సెండ్ ద స్టేట్‌మెంట్.' 'అప్పుడు', 'ఆక', 'గానే' వస్తే తీసెయ్యండి: 'లెట్ మి నో వెన్ యు సెండ్ ఇట్.' డబ్బు, గడువు ముడిపడిన చోట అయితే 'వెన్' జోలికే పోకుండా 'ఆన్ విచ్ డేట్ విల్ యు సెండ్ ఇట్?' అని అడిగెయ్యడం నయం. తేదీ అడిగితే తేదీయే వస్తుంది.

'అన్‌టిల్' దగ్గర మాత్రం మన తెలుగు కాస్త కాలు అడ్డం పెడుతుంది. మీరు అనుకున్న వాక్యం ఇదీ: 'వెండర్ కన్ఫర్మ్ చెయ్యనంతవరకు పేమెంట్ వదలొద్దు.' చక్కటి తెలుగే. కానీ ఇదే మాటను మనం 'కన్ఫర్మ్ చేసేవరకు వదలొద్దు' అని కూడా అంటాం. 'చెయ్యనంతవరకు'లో 'కాదు' లోపలే ఉంది, 'చేసేవరకు'లో లేదు. 'అన్‌టిల్' ఈ రెండో దానికి జోడీ. అందులోకి మొదటిదాని 'నాట్' తీసుకెళ్ళి పెడితే అర్థం తిరగబడినట్టు అనిపించి అవతలివాడు గందరగోళపడతాడు. మీ వాక్యం ఇలా ఉండాలి: 'డోంట్ రిలీజ్ ద పేమెంట్ అన్‌టిల్ ద వెండర్ కన్ఫర్మ్స్ ద బ్యాంక్ డీటెయిల్స్.' ఎప్పుడైనా 'చెయ్యనంతవరకు' అనే మాటే తోస్తుంటే, నోట్లో దాన్ని 'చేసేదాకా'కి తిప్పుకున్నాకే కీబోర్డు మీద చెయ్యి పెట్టండి. 'బిఫోర్'కీ ఇదే జాగ్రత్త. మీ 'లేవకముందే'లో ఒక 'కాదు' దాక్కుని ఉంది, ఇంగ్లీషులో అది రాదు: 'బిఫోర్ హి గాట్ అప్.'

ఇంకో సంగతి మీరు అడగలేదు గానీ, లెక్కల మనిషి కాబట్టి చెబుతున్నాను. 'శుక్రవారంకల్లా పంపండి' అనేది 'బై ఫ్రైడే'. 'శుక్రవారం వరకు పంపుతూ ఉండండి' అనేది 'అన్‌టిల్ ఫ్రైడే'. 'సెండ్ ద ఇన్‌వాయిసెస్ అన్‌టిల్ ఫ్రైడే' అంటే, రోజూ పంపుతూ పోయి శుక్రవారం ఆపమని. 'కల్లా', 'లోపు' ఉంటే 'బై'. దాని వెనక వాక్యం కట్టాల్సొస్తే 'బై ద టైమ్', అంటే మన 'సరికి': 'మీరు ఆఫీసుకొచ్చేసరికి నేను పంపేసి ఉంటాను' అనేది 'బై ద టైమ్ యు రీచ్ ద ఆఫీస్, ఐ విల్ హ్యావ్ సెంట్ ఇట్.' ఇక్కడా 'విల్' చివరి క్రియకే దక్కింది.

'వైల్' వాడేటప్పుడు పనికొచ్చే కిటుకు కూడా తెలుగులోనే ఉంది. 'ఫైలు చూస్తూ తప్పు కనిపెట్టాను' అంటాం, చూసిందీ కనిపెట్టిందీ ఒకరే కాబట్టి. 'ఫైలు చూస్తూ ఫోన్ మోగింది' అనం. ఫోన్ ఫైలు చూడదు కదా. 'చూస్తుండగా' అనో 'చూస్తుంటే' అనో మార్చుకుంటాం. ఇంగ్లీషులో 'వైల్ చెకింగ్ ద ఫైల్' అనేది మన 'చూస్తూ'. దాని తర్వాత వెంటనే చూసిన మనిషి రావాలి: 'వైల్ చెకింగ్ ద ఫైల్, ఐ ఫౌండ్ ఏన్ ఎర్రర్.' వేరే ఎవరో, ఏదో వస్తే 'చూస్తుండగా'కి మారాలి: 'వైల్ ఐ వాజ్ చెకింగ్ ద ఫైల్, ద ఫోన్ ర్యాంగ్.' పుట్టు ఇంగ్లీషువాళ్ళు కూడా తరచు జారేది ఇక్కడే. మీ చెవికి 'చూస్తూ ఫోన్ మోగింది' ఎబ్బెట్టుగా వినిపిస్తుంది కాబట్టి వాళ్ళకు లేని సదుపాయం మీకుంది.

'తే' విషయంలో కొంచెం నెమ్మదించండి. 'మీరు రేపు వస్తే సంతకం పెట్టండి' అని మనం మామూలుగా అనేస్తాం. వచ్చేది ఖాయమైనా 'వస్తే' అంటాం, అది మన మర్యాద. ఇంగ్లీషులో 'ఇఫ్ యు కమ్ టుమారో' అంటే వస్తారో రారో తెలియదన్నట్టు. ఖాయమైనదానికి 'వెన్'. తిరగేసి చూస్తే ఇంకా ఇబ్బంది. 'వెన్ యు మేక్ ఎ మిస్టేక్' అని రాస్తే, మీరెలాగూ తప్పు చేస్తారు అన్నట్టుంటుంది. అక్కడ 'ఇఫ్' పెట్టాలి.

'సిన్స్' ఒక్క ముక్కలో: '2015 నుంచి చేస్తున్నాను' అన్నప్పుడు మనం వర్తమానంలోనే ఉంటాం, ఇంగ్లీషులో 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ సిన్స్ 2015' అనాలి. మీరు కొన్నానని చెప్పిన పోటీ పరీక్షల గైడులోని 'నో సూనర్, దాన్', 'హార్డ్లీ, వెన్' ప్రస్తుతానికి అటకెక్కించండి. బిల్లుల మెయిల్లో అవి రాసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఇక చిన్న వాక్యాలతో బతికెయ్యనా అన్నారు. బతకొచ్చు. 'ద వెండర్ విల్ కన్ఫర్మ్ టుమారో. దెన్ ఐ విల్ రిలీజ్ ద పేమెంట్.' తప్పు లేదు, అపార్థం లేదు, 'విల్' కూడా రెండుచోట్లా నిక్షేపంగా కూర్చుంది. డబ్బు విషయం, కొత్త క్లయింట్, తలనొప్పిగా ఉన్న సాయంత్రం, ఇలాంటప్పుడు నేనైతే ఇదే చేస్తాను. నష్టమేమిటంటే, మెయిలంతా ఇలాగే ఉంటే చదివేవాడికి ఏది దేనికి ఆధారమో కనిపించదు. మొదటి వాక్యం నెరవేరకపోతే రెండోది ఆగాలన్న సంగతి అందులో లేదు. అది చెప్పడానికే 'అన్‌టిల్', 'వన్స్' లాంటివి ఉన్నాయి.

ఆ మాటలతో రాసేటప్పుడు ఏది ముందు పెట్టాలన్నది కూడా మీ చేతిలోనే ఉంది. తెలుగులో 'వచ్చాక' మామూలుగా ముందే వస్తుంది. ఇంగ్లీషులో ఎటైనా పెట్టొచ్చు. 'రిలీజ్ ద పేమెంట్ ఆఫ్టర్ యు చెక్ ద అకౌంట్ నంబర్' అని రాశారనుకోండి. తొందరలో ఉన్నవాడు 'రిలీజ్ ద పేమెంట్' దాకా చదివి వదిలేస్తాడు. 'ఆఫ్టర్ యు చెక్ ద అకౌంట్ నంబర్, రిలీజ్ ద పేమెంట్' అంటే ముందు చేయాల్సిన పని ముందే కంట్లో పడుతుంది. కాబట్టి వరుస తప్పితే ముప్పున్న చోట మన తెలుగు వరుసే పాటించి, మధ్యలో ఒక కామా పెట్టండి. అడగాల్సింది ముఖ్యమై, సమయం ఉత్త వివరమైతే అడిగేది ముందు పెట్టండి, కామా అక్కర్లేదు: 'ప్లీజ్ కాల్ మి వెన్ యు ఆర్ ఫ్రీ.' ఒకే వాక్యంలో 'ఆఫ్టర్', 'వెన్', 'అన్‌టిల్' మూడూ మోస్తున్నట్టనిపిస్తే విరిచెయ్యండి. తెలుగులో 'మేనేజర్ వచ్చాక సంతకం అయ్యేవరకు ఆగి స్టేట్‌మెంట్ రాగానే పంపుతాను' అని ఒక్క గుక్కలో లాగేస్తాం. ఇంగ్లీషు చదివేవాడికి అంత ఊపిరి ఉండదు.

మెయిల్‌ని తప్పులు దిద్దే యాప్‌లో వేసి పంపే దారి ఒకటుంది, మీరు దాన్ని ప్రస్తావించలేదు. 'వెన్ ఐ విల్ గెట్' లాంటిది అది చాలావరకు పట్టుకుంటుంది. 'లెట్ మి నో వెన్ యు సెండ్' దగ్గర మాత్రం నోరెత్తకపోవచ్చు, వ్యాకరణం ప్రకారం అది సరైన వాక్యమే మరి. మీ మనసులో ఉన్నది 'ఎప్పుడో', 'అప్పుడో' దానికేం తెలుసు? పైగా క్లయింటు బ్యాంకు వివరాలున్న మెయిల్‌ని బయటి యాప్‌లో వెయ్యనిస్తారో లేదో ముందు ఆఫీసులో కనుక్కోండి.

పక్క సీటు అమ్మాయి మాటలో వెటకారం ఉందో, అభిమానం ఉందో ఉత్తరంలో నాకు వినిపించలేదు. 'లెండి అక్కా' అన్న తీరు చూస్తే రెండోదేనేమో అనిపించింది. రాయించుకుంటే ఈ నెల గడిచిపోతుంది, కానీ ఆ పిల్ల వేరే ఉద్యోగం చూసుకున్న రోజున మీరు మళ్ళీ మొదటికొస్తారు. పైగా మీ పని మీద మీ గొంతు పోతుంది. మీరు రాసి, క్లయింటుకు వెళ్ళేవి మాత్రం పంపేముందు ఒకసారి చూడమని అడగడం ఇంకో దారి. బదులుగా ఆ అమ్మాయికి రీకన్సిలియేషన్ (మన లెక్కను బ్యాంకు లెక్కతో సరిచూడడం) నేర్పండి, అందులో తను తరచు చిక్కుకుంటోందని మీరే రాశారు. అప్పుడది సాయం కాదు, ఇచ్చిపుచ్చుకోవడం.

మేనేజర్ విషయంలో ఊరుకుంటే ఎర్ర రంగు ఆగదు, మీరు మెయిల్ రాయడానికే జంకుతారు. ఇప్పటికే ఫోన్లో తేలిపోతే చాలని చూస్తున్నానని రాశారు కదా. అందరూ ఉన్న మెయిల్లోనే జవాబు చెబితే ఒక పూట కసి తీరుతుంది, క్లయింటు మాత్రం ఇద్దర్నీ చూస్తాడు. మూడో దారి, ఆయన తెలుగాయనే కాబట్టి, టీ సమయంలో ఒంటరిగా దొరికినప్పుడు తెలుగులోనే చెప్పడం: 'సార్, తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను. నాకొక్కదానికే పంపండి. క్లయింట్ ముందు దిద్దితే వాళ్ళకు నా లెక్కల మీద కూడా అనుమానం వస్తుంది, రేపు అది మన టీమ్‌కే చేటు.' ఆయన వినకపోవచ్చు. కనీసం మీ మాట ఆయన చెవిన పడి ఉంటుంది, ఆపై హెచ్ఆర్ దాకా వెళ్ళాల్సొస్తే ముందు ఆయనకే చెప్పానన్న బలం మీకుంటుంది. వెళ్ళేముందు ఒక నెల 'విల్', 'అన్‌టిల్' తప్పులు రాకుండా చూసుకుని వెళ్తే మాటకు ఇంకా బరువు వస్తుంది. కానీ అంతదాకా ఆగాలని నేననను, ఆ ఎర్ర రంగు భరించేది మీరు కాబట్టి.

మీ ఉత్తరం చివరి రెండు ఇంగ్లీషు వాక్యాల్లో మూడు 'విల్'లున్నాయి. వాటిలో ఒక్కటే ఎక్కువ. 'ఎప్పుడు జవాబిస్తారో చెప్పండి, జవాబిచ్చేదాకా ఎదురుచూస్తాను' అని ఒకసారి తెలుగులో అనుకుని, ఏది కొట్టెయ్యాలో మీరే చూడండి. ఎర్ర రంగు అక్కర్లేదు, పెన్సిల్ చాలు.